అంతర్జాతీయ సంబంధాల యువ పరిశోధకులకు వ్యాస పురస్కారాలు: తిరుపతి, చిత్తూరు అభ్యర్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు, ప్రాంతీయ అధ్యయనాలలో పీహెచ్‌డీ చేస్తున్నవారు, ఈమధ్యనే పట్టా అందుకున్నవారు వ్యాస పురస్కారాల గురించి నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఏ ఒక్క పురస్కారానికో పరిమితమైన నియమావళి కాదిది. నియమాలు పురస్కారాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి కనుక ఆ ఏటి ప్రకటనే అంతిమ ప్రమాణం.

అవార్డు అనకుండా పురస్కారం అంటున్నారెందుకని ఒకరు అడిగారు. మా చిత్తూరు పెద్దలకు అవార్డు అనగానే పటాస్కర్ అవార్డు గుర్తుకొస్తుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మన జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది దాని మూలంగానే. సరిహద్దుల మీద మధ్యవర్తి ఇచ్చే తీర్పును కూడా అవార్డనే అంటారని మా తరం ముందుగా నేర్చుకుంది. అంతర్జాతీయ సంబంధాలు చదివేవారికి ఆ అర్థమూ తెలిసి ఉండటం మంచిదే.

యువ పరిశోధకులంటే ఎవరు? వయసు పరిమితి ఉంటుందా?

ఎక్కువ పురస్కారాల్లో వయసుతో నిమిత్తం లేదు. పీహెచ్‌డీ పట్టా అందుకున్న నాటి నుంచి ఎన్నేళ్లు గడిచాయన్నదే లెక్క. నలభై ఐదేళ్ల వయసులో, డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ, పార్ట్‌టైమ్‌గా పరిశోధన పూర్తిచేసిన అధ్యాపకురాలు కూడా ఈ లెక్కన యువ పరిశోధకురాలే. ప్రసూతి, అనారోగ్యం, ఇంట్లో పెద్దల సంరక్షణ వంటి కారణాలతో చదువు ఆగిపోయిన కాలాన్ని చాలామంది నిర్వాహకులు మినహాయిస్తారు. అయితే ఆ మినహాయింపు అడిగినవారికే దక్కుతుంది. మనవాళ్లు, ముఖ్యంగా మహిళలు, అడగడానికి మొహమాటపడి గడువు దాటిపోయిందని తమకు తామే తీర్మానించుకోవడం నేను చాలాసార్లు చూశాను. దరఖాస్తులో రెండు వాక్యాల్లో కారణం రాస్తే చాలు. వైద్య పత్రాలు వాళ్లు అడిగితేనే పంపండి.

పట్టా తేదీ అంటే వైవా జరిగిన రోజా, విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇచ్చిన రోజా, స్నాతకోత్సవం రోజా అన్న సందేహం మన దగ్గర ఎక్కువ, ఎందుకంటే ఈ మూడింటి మధ్య ఏళ్లు గడిచిపోగలవు. ప్రకటనలో స్పష్టంగా లేకపోతే ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ఉన్న తేదీని చూపి, అది చెల్లుతుందో లేదో ముందే రాసి అడగండి.

ఎలాంటి పురస్కారాలు ఉన్నాయి?

స్థూలంగా మూడు రకాలు. మొదటిది, సదస్సులో చదివిన పత్రానికి ఇచ్చేది. 1959లో ఏర్పడిన అమెరికాలోని ఇంటర్నేషనల్ స్టడీస్ అసోసియేషన్ తన వార్షిక సదస్సులో విద్యార్థులు సమర్పించే పత్రాలలో ఉత్తమమైనదానికి కార్ల్ బెక్ అవార్డు ఇస్తుంది. రెండోది సిద్ధాంత గ్రంథానికి ఇచ్చేది. బ్రిటిష్ ఇంటర్నేషనల్ స్టడీస్ అసోసియేషన్ ఇచ్చే మైకేల్ నికల్సన్ థీసిస్ బహుమతి ఆ కోవలోది. మూడోది పత్రికలు నిర్వహించే వ్యాసపోటీ. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1971లో మొదలైన మిలేనియం పత్రిక విద్యార్థులకు నార్త్‌ఎడ్జ్ పేరిట వ్యాసపోటీ పెడుతూ వచ్చింది.

ఇక్కడి నుంచి మొదటిసారి ప్రయత్నించేవారికి నేను మూడో రకాన్నే సూచిస్తాను. సదస్సు పురస్కారానికి సదస్సుకు వెళ్లాలి. అంటే వీసా, విమానం టికెట్టు, రిజిస్ట్రేషన్ రుసుము. వ్యాసపోటీకి వ్యాసం ఉంటే చాలు.

తిరుపతిలో కూర్చుని రాసేవారికి ఏ విషయం తగినది? అమెరికా–చైనా పోటీ వంటి పెద్ద అంశమైతేనే గుర్తింపు వస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. అమెరికా–చైనా పోటీ మీద ఏటా వేల వ్యాసాలు వస్తాయి. అవి రాసేవారిలో బీజింగులో ఏళ్ల తరబడి ఉండి, చైనా భాషలో పత్రాలు చదివినవారుంటారు. పత్రికా వార్తల ఆధారంగా ఇక్కడ నుంచి రాసిన వ్యాసం వాటి పక్కన నిలవడం కష్టం. న్యాయనిర్ణేత తూచేది విషయం పరిమాణాన్ని కాదు, ఈ అభ్యర్థి మాత్రమే చూపగలిగినది ఏమిటన్నదాన్ని. ఆ కోణంలో చూస్తే మన చుట్టుపక్కల ముడిసరుకుకు కొదవ లేదు.

శ్రీహరికోటనే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట ప్రాంతమంతా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 2014 జూన్ 30న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ సార్క్ (దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం) దేశాలకు ఒక ఉపగ్రహం చేసి ఇమ్మని శాస్త్రవేత్తలను కోరింది అక్కడే. 2017 మే 5న అది అక్కడి నుంచే ఎగిరింది, కానీ పేరు మారిపోయి. పాకిస్తాన్ తప్పుకోవడంతో సార్క్ ఉపగ్రహం దక్షిణాసియా ఉపగ్రహం అయింది. ఈ ఒక్క పేరు మార్పులో ప్రాంతీయ సహకారం గురించి ఎంత చర్చ ఇమిడి ఉందో ఆలోచించండి. ఆర్థిక శక్తి ఉన్న దేశం పొరుగువారికి ఉచితంగా ఇచ్చే సేవను ఏమనాలి? దానమా, నాయకత్వమా, పలుకుబడి కోసం పెట్టిన పెట్టుబడా? పుచ్చుకున్న దేశాలు ఆ సేవను ఎంతమేరకు వాడుకున్నాయి? ఇంకొంచెం వెనక్కు వెళితే అతిశీతల ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ రాకెట్ ఇంజన్ల కథ ఉంది. 1991లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం కుదిరింది. 1992 మేలో అమెరికా ఆ సంస్థపైనా ఇస్రోపైనా ఆంక్షలు విధించింది. 1993లో రష్యా సాంకేతిక పరిజ్ఞానం ఇవ్వకుండా ఇంజన్లు మాత్రం ఇచ్చేందుకు అంగీకరించింది. మన సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్ఎల్వీ రాకెట్ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. ఏ క్షిపణి సాంకేతిక నియంత్రణ కూటమి నిబంధనలను చూపి ఆ పరిజ్ఞానాన్ని అడ్డుకున్నారో, అదే కూటమిలో భారతదేశం 2016 జూన్‌లో సభ్యురాలైంది. ఆంక్షలు ఫలిస్తాయా అన్న పాత ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ కోసం ఎక్కడికి వెళ్లాలి?

శేషాచలం ఎర్రచందనం మరొకటి. ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దుంగలకు గిరాకీ మాత్రం చైనాలో ఖరీదైన కుర్చీలు, బీరువాలకు, జపానులో సంగీత వాద్యాలకు. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఎర్రచందనం ఉంది. ఈ కలప వ్యాపారం విషయంలో భారతదేశం 2004 నుంచి ఆ ఒప్పందం కింద ప్రత్యేక సమీక్షలో ఉండి, 2023 నవంబరులో జెనీవా సమావేశంలో దాని నుంచి బయటపడింది. జెనీవాలో కుదిరిన నిబంధన భాకరాపేట ఘాట్‌లో చెక్‌పోస్టుగా ఎలా మారుతుంది, మధ్యలో ఏ మలుపులో నీరుగారిపోతుంది అన్నది చక్కని పరిశోధన ప్రశ్న. దీన్ని అడవిశాఖ సమస్యగానో, శాంతిభద్రతల సమస్యగానో మాత్రమే రాయడం మనకు అలవాటైపోయింది.

చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు సంగతి ఇంకా సూటైనది. ఇక్కడి ఫ్యాక్టరీల గుజ్జు పశ్చిమాసియాకు, ఐరోపాకు వెళుతుంది. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఐరోపా వైపు ఓడలు ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి వెళ్లవలసి వచ్చింది. 2025 సీజన్‌లో ధర పడిపోయి, ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలుగా నిర్ణయించవలసి వచ్చింది. ఆ పతనానికి ఎర్రసముద్రమే కారణమని నేను అనడం లేదు. నిల్వలు మిగిలిపోవడం, దిగుబడి పెరగడం వంటి స్థానిక కారణాలూ ఉన్నాయి. ఏ కారణం వాటా ఎంతో విడదీసి చూపడమే వ్యాసం చేయవలసిన పని. జపాన్‌తో 2011 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందాన్ని శ్రీసిటీ పారిశ్రామికవాడలోని జపాన్ కంపెనీల అనుభవంతో పరిశీలించడం ఇలాంటిదే మరొక దారి.

థీసిస్‌లోని ఒక అధ్యాయాన్ని వ్యాసంగా పంపవచ్చా?

నియమాలు చాలావరకు ఒప్పుకుంటాయి, వ్యాసమే ఒప్పుకోదు. పీహెచ్‌డీ ముగించిన కొత్తలో నేనే నా మూడో అధ్యాయంలో పదాలు తగ్గించి ఒక పురస్కారానికి పంపాను. తిరిగివచ్చిన వ్యాఖ్య ఒకే వాక్యం: రచయితకు చాలా తెలుసు, కానీ ఏం చెప్పదలచుకున్నారో మాకు తెలియలేదు. అప్పట్లో చాలా నొచ్చుకున్నాను. ఇప్పుడు చూస్తే అంతకంటే సరైన మాట ఇంకొకటి లేదు.

మన థీసిస్‌లకు ఒక అచ్చు ఉంది. చారిత్రక నేపథ్యంతో మొదలై, పూర్వ పరిశోధనల సమీక్ష సాగి, ఒప్పందాలు తేదీల వారీగా వరుసకట్టి, ద్వైపాక్షిక వాణిజ్య పట్టికలు వచ్చి, చివరన సంబంధాలు మరింత బలపడాలన్న ఆకాంక్షతో ముగుస్తుంది. అది సమాచారం. వ్యాసానికి కావలసింది వాదం, అంటే తెలివైన మరొకరు కాదనగలిగే మాట, కాదన్నప్పుడు నిలబెట్టడానికి మీ దగ్గర ఆధారాలున్న మాట. ‘భారత్–వియత్నాం సంబంధాలు బహుముఖంగా విస్తరించాయి’ అంటే ఎవరూ కాదనరు, కనుక అది వాదం కాదు. ‘రక్షణ ఒప్పందాలు పెరిగినంతగా వాణిజ్యం పెరగకపోవడానికి కారణం రాజకీయ సంకల్పం లోపించడం కాదు, రెండు దేశాలూ ఒకే సరుకులకు పోటీదారులు కావడమే’ అంటే ఎవరో ఒకరు లేచి అభ్యంతరం చెబుతారు. అది నిజమో కాదో తేల్చడం మీ పని. కనీసం తేల్చదగిన మాట అయింది.

అధ్యాయాన్ని వ్యాసంగా మార్చాలంటే దాన్ని కోయడం మానండి. అధ్యాయాన్ని పక్కన పెట్టి, అందులో మిమ్మల్ని ఆశ్చర్యపరచిన ఒక్క సంగతి ఏదో గుర్తుచేసుకుని, దాని నుంచి కొత్తగా మొదలుపెట్టండి. నేపథ్యం ఒక పేరాకు మించితే న్యాయనిర్ణేత పేజీలు తిప్పడం మొదలుపెడతారు.

సిద్ధాంతం తప్పనిసరా? కౌటిల్యుడిని ఉదహరిస్తే భారతీయ దృక్పథం అవుతుందా?

వాస్తవికవాదం, ఉదారవాదం, నిర్మాణవాదం అని మూడు పేరాలు రాసి, ఆ తర్వాత వాటి ఊసే ఎత్తని వ్యాసాలు కుప్పలుగా వస్తాయి. సిద్ధాంతం మీ ప్రశ్నకు పనికొస్తేనే తీసుకోండి. కౌటిల్యుడి సంగతి కూడా అంతే. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో అర్థశాస్త్రం తాళపత్ర ప్రతిని శామశాస్త్రి గుర్తించి, 1909లో అచ్చువేయించిన నాటి నుంచి మండల సిద్ధాంతం మన పరీక్షాపత్రాల్లో స్థిరపడిపోయింది. పొరుగువాడు శత్రువు, పొరుగువాడి పొరుగువాడు మిత్రుడు అన్న ఒక్క ముక్క పట్టుకుని పాకిస్తాన్‌కూ ఆఫ్ఘనిస్తాన్‌కూ అతికించడం భారతీయ దృక్పథం అనిపించుకోదు. మధ్యముడు (రెండు పక్షాలకూ పొరుగున ఉన్న రాజు), ఉదాసీనుడు (దూరంగా, ఎటూ చేరని బలవంతుడైన రాజు) అన్న భావనలు నేటి చిన్న దేశాల తటస్థతను అర్థం చేసుకోవడానికి పాశ్చాత్య పదజాలం కంటే మెరుగుగా పనిచేస్తాయా అని పరీక్షిస్తే మాత్రం చదవాలనిపిస్తుంది.

నా ఇంగ్లీషు అంత గొప్పగా ఉండదు. నష్టమా?

అంతర్జాతీయ పురస్కారాలన్నీ దాదాపు ఇంగ్లీషులోనే కనుక నష్టం లేదని చెబితే అబద్ధమవుతుంది. కానీ నేను చూసినంతలో తిరస్కరణకు కారణం వ్యాకరణ దోషాలు కావు, ఇంగ్లీషులో గంభీరంగా వినిపించాలని వాడిన బరువైన మాటల కింద ఆలోచన కనబడకుండా పోవడం. ఒక పని చేసి చూడండి. మీ వాదాన్ని ముందుగా ఒక పేజీ తెలుగులో, రాజనీతి శాస్త్రం చదవని మీ అన్నకో చెల్లెలికో అర్థమయ్యేలా రాయండి. తెలుగులో రాయలేకపోతే ఆ ఆలోచన ఇంకా మీకే స్పష్టం కాలేదని గుర్తు. రాయగలిగితే చిన్నచిన్న వాక్యాల ఇంగ్లీషులోకి తేవడం కష్టం కాదు. తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకుని, 1949 నుంచి 1952 వరకు మాస్కోలో మన రాయబారిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇంగ్లీషు ఎంత గొప్పదో అందరికీ తెలుసు. ఆ స్థాయి అందరికీ రానక్కరలేదు. చెప్పదలచినది స్పష్టంగా ఉంటే సరిపోతుంది.

తెలుగు ఇంటర్వ్యూల నుంచి, తెలుగు పత్రికల నుంచి ఉదహరించేటప్పుడు అనువాదం మీదేనని ఒకచోట చెప్పి, కీలకమైన తెలుగు మాటను అలాగే ఉంచి వివరించండి. మీకు తెలుగు రావడం ఇక్కడ బలహీనత కాదు, ఇతరులకు లేని ఆధారం.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? ఢిల్లీ వెళ్లక తప్పదా?

ఒకప్పుడు తప్పేది కాదు. ఇప్పుడు లోక్‌సభ చర్చలు, విదేశాంగ శాఖ వార్షిక నివేదికలు, ఐక్యరాజ్యసమితి తీర్మానాలపై దేశాల ఓట్ల వివరాలు, అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించే పాత దౌత్యపత్రాలు అన్నీ ఇంటి నుంచే చూడవచ్చు. జాతీయ అభిలేఖాగారం తన పత్రాలలో కొంత భాగాన్ని అభిలేఖ్ పటల్ అనే పోర్టల్‌లో పెట్టింది. మన దేశంలో 25 ఏళ్లు దాటిన ప్రభుత్వ రికార్డులు అభిలేఖాగారానికి చేరాలన్నది నియమం. విదేశాంగ శాఖ ఫైళ్లు ఆ గడువుకు ఠంచనుగా వస్తాయని మాత్రం ఆశపెట్టుకోవద్దు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలనుకుంటే, విదేశాలతో సంబంధాలకు భంగం కలిగించే సమాచారాన్ని సెక్షన్ 8(1)(ఎ) మినహాయిస్తుందని గుర్తుంచుకుని, అంకెలు, తేదీలు, ఖర్చుల వంటి వాటిని అడగండి. అభిప్రాయాలు, చర్చల సారాంశాలు అడిగితే తిరస్కరణ ఉత్తరం తప్ప ఏమీ రాదు.

జర్నల్ వ్యాసాలకు డబ్బు కట్టలేమన్న బెంగ కొంత తీరింది. 2025 జనవరి నుంచి అమలవుతున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిని లాగిన్ గురించి అడగండి. ప్రైవేటు కళాశాలల వారికి ఈ వెసులుబాటు తొలి దశలో ఇవ్వలేదు. వారు రచయితకే మర్యాదగా ఈమెయిల్ రాసి ప్రతి అడగవచ్చు. ఎక్కువమంది సంతోషంగా పంపుతారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. ఆ ప్రాంతాల మీద రాసేవారు ఢిల్లీ గురించి ఆలోచించే ముందు అక్కడి పాత సంచికలను తిరగేయడం మంచిది. స్వాతంత్ర్యానికి ముందరి జిల్లా రికార్డుల కోసమైతే మద్రాసు ప్రెసిడెన్సీ పత్రాలున్న చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగి రావచ్చు.

కూలీలు, రైతులు, అధికారులతో మాట్లాడి రాయవచ్చా?

రాయవచ్చు, రాయాలి. కానీ ఎర్రచందనం వంటి విషయంలో అజాగ్రత్త పనికిరాదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అటువంటి చోట ఒక కూలీ పేరు, ఊరు, ఫోటో వ్యాసంలో వేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. పేరు మార్చి ఊరు అలాగే ఉంచినా మనిషిని గుర్తుపట్టేయవచ్చు. మీ సంస్థలో పరిశోధన నైతికతను చూసే కమిటీ ఉంటే దాని అనుమతి ముందే తీసుకోండి. లేకపోతే ఎవరితో ఏ షరతుల మీద మాట్లాడారో, సమ్మతి ఎలా తీసుకున్నారో వ్యాసంలో ఒక పేరాలో చెప్పండి. ఆ పేరా చూసి గౌరవం పెంచుకునే న్యాయనిర్ణేతలే ఎక్కువ.

మా గైడ్ పేరు కూడా రచయితగా పెట్టాలా?

రాసినవారి పేరే రచయితది. గైడ్ ఒక వాదాన్ని అందించి, కొంత భాగం రాసి ఉంటే సహరచయిత అవుతారు. అప్పుడు ఆ వ్యాసం యువ పరిశోధకుల పురస్కారానికి చాలా సందర్భాల్లో అర్హత కోల్పోతుంది. చదివి సలహా ఇచ్చినంత మాత్రాన కృతజ్ఞతల్లో పేరు చాలు. సార్‌తోనో మేడంతోనో ఈ మాట ఎలా చెప్పాలన్నదే అసలు ఇబ్బంది అని నాకు తెలుసు. రాయడం మొదలుపెట్టకముందే ప్రకటన కాపీ చూపించి, ఒంటరి రచయిత అన్న నియమాన్ని వారితోనే చదివించడం ఉత్తమమైన మార్గం. వ్యాసం పూర్తయ్యాక చెబితే అది ధిక్కారంలా వినిపిస్తుంది.

పేరు దాచి పంపాలంటారు. ఎలా? మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఏమిటి?

మొదటి పేజీలో పేరు తీసేసి ఊరుకుంటే చాలదు. ఫైలు పేరులో, ఫైలు లక్షణాల్లో, కృతజ్ఞతల్లో, ‘నా గత వ్యాసంలో చూపినట్టు’ వంటి వాక్యాల్లో మీరు ఎవరో బయటపడతారు. మీ పాత రచనను కూడా ఇతరుల రచనలాగే మూడో వ్యక్తిగా ఉదహరించండి.

ఇంటిపేరు చిక్కు పురస్కారం వచ్చాక మొదలవుతుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, కొందరం ఒక అక్షరానికి కుదిస్తాం. విదేశీ దరఖాస్తులో చివరి పేరు అన్న గడిలో ఒకరు రెడ్డి అని, ఒకరు సొంత పేరు, ఇంకొకరు ఇంటిపేరు రాస్తారు. ఒకే మనిషి మూడు వ్యాసాల్లో మూడు పేర్లతో కనిపిస్తే ఉల్లేఖనాలన్నీ చెల్లాచెదురవుతాయి. పాస్‌పోర్టులో ఉన్న రూపాన్నే ఎంచుకుని, పరిశోధకులకు ప్రపంచమంతటా చెల్లే ఆర్సిడ్ గుర్తింపు సంఖ్య ఉచితంగా తీసుకుని, ఇక ఎప్పటికీ దాన్నే వాడండి.

ఇతరుల రచనలతో పోలికల శాతం ఎంత ఉండవచ్చు? కృత్రిమ మేధ సహాయం తీసుకోవచ్చా?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికలకు శిక్ష లేదు కనుక పదికి లోపు ఉంటే సరిపోతుందన్న అపోహ బలపడింది. ఆ పదిలోనే ఇతరుల ప్రధాన వాదం దొంగిలించి ఉండవచ్చు. నలభై శాతం పోలిక ఉన్నా అవన్నీ సరిగ్గా ఉదహరించిన ఒప్పందం పాఠాలే కావచ్చు. న్యాయనిర్ణేతలు శాతం చూసి ఆగిపోరు.

భాష దిద్దడానికి కృత్రిమ మేధ వాడితే ఎక్కువ పత్రికలు ఆ విషయం వెల్లడించమంటాయి; వెల్లడించండి. దానితో ఆధారాలు వెతికించుకునేవారు ఒక్కొక్కటీ స్వయంగా తెరిచి చూడాలి. లేని వ్యాసాలను, లేని పేజీలను ఉన్నట్టు చూపిన జాబితాలు దరఖాస్తుల్లో కనబడుతున్నాయి. అలాంటి ఒక్కటి దొరికినా మిగతా వ్యాసాన్ని ఎవరూ నమ్మరు.

వ్యాసంలో పటం వేయవచ్చా?

అవసరమైతేనే. భారత సర్వే సంస్థ పటాలకు విరుద్ధంగా దేశ సరిహద్దులు చూపే పటాన్ని ప్రచురించడం 1961 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. విదేశీ పత్రికలు మాత్రం తమ పద్ధతిలో చుక్కల గీతలు వేస్తాయి. కాశ్మీర్, అరుణాచల్‌ల మీద రాసేవారికి ఇది ఉత్తుత్తి బెంగ కాదు. సముద్ర మార్గాల పటమో, ఒక జిల్లా పటమో అయితే చిక్కే లేదు.

ప్రభుత్వ కళాశాలలో ఉద్యోగిని. భారత విదేశాంగ విధానాన్ని విమర్శిస్తూ రాయవచ్చా?

విద్యావిషయకమైన విమర్శకు, ప్రభుత్వంపై బహిరంగ నిందకు తేడా ఉంది. సర్వీసు నియమాలు ప్రధానంగా రెండోదాన్నే అడ్డుకుంటాయి. ఆధారాలతో, నిగ్రహంతో రాసిన విశ్లేషణకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా మీకు వర్తించే ప్రవర్తనా నియమాలు ఒకసారి చదివి, నగదు బహుమతి స్వీకరించడానికి అనుమతి అవసరమేమో ప్రిన్సిపాల్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

దరఖాస్తు రుసుము అడుగుతున్నారు. కట్టాలా?

పేరున్న వ్యాసపోటీలు సాధారణంగా రుసుము అడగవు. మీరు దరఖాస్తు చేయకుండానే మీకు ఉత్తమ పరిశోధక పురస్కారం వచ్చిందనీ, జ్ఞాపిక, ధ్రువపత్రాల కోసం కొన్ని వేలు పంపమనీ వచ్చే ఈమెయిళ్లను వెంటనే తొలగించండి. అటువంటి జ్ఞాపికలు గాజు బీరువాల్లో అలంకారంగా ఉండటం నేను చూశాను. ఇంటర్వ్యూ బోర్డులో అవి మేలు కంటే చేటే ఎక్కువ చేస్తాయి. యూజీసీ తాను ఆమోదించిన జర్నళ్ల జాబితా అయిన కేర్‌ను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసిన తర్వాత జర్నల్ మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యత మన మీదే పడింది. సంపాదకవర్గంలోని నలుగురి పేర్లు వెతికి, వారు నిజంగా ఆ విషయంలో పనిచేస్తున్నారో లేదో చూడటానికి అరగంట చాలు.

ఒకే వ్యాసాన్ని రెండు చోట్లకు ఒకేసారి పంపవచ్చా?

పంపకూడదు. ఒకచోట ఫలితం వచ్చాక రెండోచోటికి పంపండి.

గడువు అర్ధరాత్రి అంటే ఎవరి అర్ధరాత్రి?

లండన్ అర్ధరాత్రి అయితే చలికాలంలో మనకు మర్నాడు తెల్లవారుజామున 5:30, వేసవిలో 4:30. ఈ అదనపు గంటలను నమ్ముకుని ఆఖరి రాత్రి దాకా ఆగకండి. వాళ్ల సర్వరు, మన కరెంటు రెండూ ఆ రాత్రే మొరాయిస్తాయి. పదాల పరిమితిలో పాదసూచికలు కలుస్తాయా లేదా అన్నది కూడా ఆ రాత్రికి కాక, మొదటిరోజే తేల్చుకోండి.

గెలవకపోతే ఆ వ్యాసాన్ని ఏం చేయాలి?

వ్యాఖ్యలు పంపితే వాటిని చదివి, వారం రోజులు పక్కన పెట్టి, మళ్లీ చదవండి. తొలిసారి అవమానంగా తోచిన వాక్యం రెండోసారి పని చెప్పేదిగా కనిపిస్తుంది. న్యూఢిల్లీలోని ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ 1945 నుంచి వెలువరిస్తున్న ఇండియా క్వార్టర్లీ, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ఇంటర్నేషనల్ స్టడీస్ వంటి పత్రికలకు, వాటి శైలికి తగ్గట్టు సరిదిద్ది పంపవచ్చు. గెలవని వ్యాసాన్ని పత్రికకు పంపడం తప్పు కాదు, ముందుగా ఎక్కడ పోటీపడిందో చెప్పవలసిన అవసరమూ లేదు.

ఇక్కడ లేని సందేహం ఉంటే ఎవరిని అడగాలి?

ప్రకటనలో ఇచ్చిన నిర్వాహకుల చిరునామాకే రాయండి, న్యాయనిర్ణేతలకు విడిగా రాయకండి. ఈమెయిల్ ఐదారు వాక్యాలకు మించకుండా, మీ పరిశోధన గొప్పతనం ప్రస్తావించకుండా, ఒక్క ప్రశ్నే అడగండి. వచ్చిన జవాబును ముద్రించి దరఖాస్తు కాగితాలతో పాటు ఉంచుకోండి. అర్హత గురించి తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే చూపడానికి అదే పనికొస్తుంది.